అడగడానికి బటన్ లేదు

మర్రిగూడ మండలంలోని మా ఊళ్లో చిన్నాయినకు బత్తాయి తోట ఉన్నది. బోరు మోటారు తోట మధ్యలో ఉంటుంది, ఆయన ఇల్లు ఊళ్లో ఉంటుంది. రెంటి మధ్య నడక దూరమే అయినా దారి చెలకల గట్ల మీదుగా పోతుంది. ఆయనకు కళ్లు కనబడవు. ఇది విన్నవాళ్లు ఆ తోటను ఇంకెవరో చూసుకుంటున్నారని అనుకుంటారు. కానీ చూపు పోయాక కూడా ఏళ్ల తరబడి దాన్ని ఆయనే సాగు చేశాడు. ఆ తోట చేయి జారే పరిస్థితి ఆయనకు ఒక మొబైల్ యాప్ వల్ల వచ్చింది. ఎలా వచ్చిందో వరుసగా చెప్తాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో ఆయనకు పక్కన నిలబడ్డ మనిషి కనబడటం తగ్గింది. కంటి లోపల ఒత్తిడి పెరిగి నరాన్ని దెబ్బతీసే జబ్బు అది. ముందుగా చూపు అంచులు పోతాయి. నడిమి చూపు చాలాకాలం నిలుస్తుంది కాబట్టి మనిషి తనకేమీ కాలేదనుకుంటాడు. నల్లగొండ దవాఖానలో చూపించేసరికి ఆలస్యమైంది. ఆ తర్వాత కొన్నాళ్లకు నడిమి చూపూ పోయింది.

అప్పట్లో వ్యవసాయానికి కరెంటు విడతలుగా వచ్చేది. అది ఎప్పుడు వస్తుందో తెలియక రైతులు బోరు దగ్గరే పడిగాపులు పడేవాళ్లు. ఆ బాధ తప్పించడానికి సిమ్ కార్డు ఉండే స్టార్టరు పెట్టెలు వచ్చాయి. చిన్నాయిన కూడా ఒకటి బిగించుకున్నాడు. దాని నంబరుకు ఫోన్ చేస్తే ఒక ఆడగొంతు పలికేది. ఒకటి నొక్కితే మోటారు నడిచేది. రెండు నొక్కితే ఆగేది. మూడు నొక్కితే నడుస్తున్నదో లేదో చెప్పేది. కరెంటు లేకుంటే లేదనేది. బోరులో నీళ్లు తగ్గి మోటారు ఉత్తగా తిరుగుతుంటే తానే ఆపి ఆ మాటా చెప్పేది. దాన్ని తయారుచేసినవాళ్ల మనసులో చూపులేని రైతు ఉండి ఉండడు, చదువురాని రైతు ఉండి ఉంటాడు. అయినా చూపులేని మనిషికి అంత చక్కగా పనికొచ్చిన పరికరాన్ని నేను ఇంకొకటి చూడలేదు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం నా వృత్తి. కాబట్టి ఈ మాట మర్యాదకు అనడం లేదు.

చిన్నాయిన మంచం మీద కూర్చుని మీటల ఫోన్‌తో తోటకు నీళ్లు పెట్టేవాడు. చిన్నమ్మ పొయ్యి దగ్గరి నుంచి సతాయించేది.

"పొద్దుమాపు దానితోనే ముచ్చట. ఇంత బువ్వ గూడ దాన్నే వండిపెట్టుమను."

"దానికి అడిగినదానికే జవాబు చెప్పే గుణముంది. నీకు గా గుణం లేదు" అనేవాడు ఆయన.

ఒక వానకాలం పిడుగు పడి ఆ పెట్టె మాడిపోయింది. చిన్నమ్మ తమ్ముడు నల్లగొండకు పోయి కొత్తది తెచ్చాడు. పాత రకం ఇప్పుడు రావడం లేదని కొట్టువాడు చెప్పాడట. కొత్తదానికి ఫోన్ చేస్తే పలకదు. టచ్ ఫోన్‌లో దాని యాప్ పెట్టుకోవాలి. పాపం, ఫోన్ కూడా ఆ బావమరిదే కొనిచ్చాడు. తెరమీద ఉన్నదాన్ని చదివి వినిపించే సౌకర్యం ప్రతి టచ్ ఫోన్‌లోనూ ముందే ఉంటుంది. దాన్ని వాడటం నేను నేర్పించాను. చిన్నాయిన వారం తిరక్కుండానే ఫోన్లు చేయడం, సందేశాలు వినడం పట్టేశాడు. ఆ యాప్ తెరిచేటప్పటికి మాత్రం ఫోన్ ఒకటే మాట పలికింది: "పేరు లేని బటన్." వేలు జరిపితే మళ్లీ, "పేరు లేని బటన్."

ఆ యాప్ తెర మధ్యలో ఒక గుండ్రటి బొమ్మ ఉంటుంది. ఎర్రగా ఉంటే మోటారు ఆగినట్టు, పచ్చగా ఉంటే నడుస్తున్నట్టు. ఆ బొమ్మనే నొక్కితే ఆగింది నడుస్తుంది, నడుస్తున్నది ఆగుతుంది. అంటే మోటారు స్థితిని రంగు మాత్రమే చెప్తుంది. రంగు కనబడని మనిషికి నొక్కడం తప్ప మార్గం లేదు. నొక్కితే స్థితి తెలియదు, మారుతుంది. పాత పెట్టెలో అడగడానికి ఒక మీట, ఆజ్ఞాపించడానికి వేరే మీట ఉండేవి. కొత్తదాంట్లో అడగడానికి బటన్ లేదు.

దీని ఫలితం ఆ చలికాలంలో తెలిసింది. బత్తాయి నిండుగా పూయాలంటే కొన్ని వారాలు నీళ్లు పూర్తిగా ఆపి చెట్టును వాడనివ్వాలి. ఆకు ముడుచుకున్నాక నీళ్లు ఇస్తే తోటంతా ఒక్కసారే పూతకు వస్తుంది. మధ్యలో నీళ్లు తగిలితే చెట్టు చిగురు వేస్తుంది, పూత చెదిరిపోతుంది. ఆ వారాల్లో మోటారు ఆగే ఉన్నదని పాత పెట్టెతో రోజూ తెలుసుకోవడం చిన్నాయిన అలవాటు. కొత్తది వచ్చాక ఒక మధ్యాహ్నం అలాగే తెలుసుకుందామని, నొక్కితే జవాబు చెప్తుందేమోనని ఆ పేరులేని బటన్ నొక్కాడు. మోటారు నడిచింది. ఆయనకు తెలియలేదు. మరునాడు పొద్దున అటు పోయిన బావమరిది చెట్ల మొదళ్లు తడిసి ఉండటం చూసి ఇంటికి వచ్చాడు.

"బావా, నీళ్లెందుకిడిసినవ్?"

"నేనెందుకిడుస్త? బందున్నదో లేదో అడిగిన, గంతే."

"గట్ల అడుగుడు బంద్‌జెయ్యి బావా. మోటరు నీ మాట ఇంటలేదు, మా అక్క ముందునుంచే ఇంటలేదు. ఇగ తోటేమింటది? కౌలుకు నాకియ్యి. నువ్వు నిమ్మలంగ కూసొని తిను."

నవ్వుతూనే అన్నాడు, కానీ నిజంగానే అడిగాడు. ఆ ఏడు పూత అక్కడో కొమ్మ ఇక్కడో కొమ్మగా వచ్చింది. కాపు దెబ్బతిన్నది. చిన్నమ్మ కూడా తమ్ముడి మాటకు మొగ్గింది. చిన్నాయిన ఒక్క కాపు గడువు అడిగాడు. వచ్చే చలికాలం తన చేతిలో ఉండనిమ్మన్నాడు. అప్పుడూ తప్పు జరిగితే తోట బావమరిదికి కౌలుకు పోతుంది. ఆ ఒప్పందం కుదిరిన రోజే హైదరాబాద్‌లో ఉన్న నాకు ఫోన్ చేశాడు.

"బిడ్డా, నువ్వు గిసొంటియే జూస్తవ్ గద నౌకరీల. గీ బటన్‌కు పేరు పెట్టనీకె వాళ్లకు ఏం అడ్డమొచ్చింది?"

అడ్డమేమీ రాలేదు. బటన్‌కు పేరు పెట్టడమంటే ప్రోగ్రాములో ఒక చిన్న వరుస చేర్చడం. ఆ పేరు తెరమీద కనబడదు, అందాన్ని చెడగొట్టదు, వేగాన్ని తగ్గించదు. నేర్చుకునేవాళ్లకు మొదటి పాఠాల్లోనే చెప్పే పని అది. యాప్‌ను నా ఫోన్‌లో పెట్టుకుని ఒక్కొక్క తెరా పరీక్షించాను. వాతావరణం బొమ్మకూ పేరు లేదు, హెచ్చరిక గంటకూ పేరు లేదు. ఎరువుల ప్రకటనకు మాత్రం ఉన్నది. ఫోన్ దాన్ని స్పష్టంగా, పూర్తిగా చదివింది. పేరు పెట్టడం వాళ్లకు చేతనవుతుందనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు.

ఏ తెరలో ఏ లోపం, దాన్ని మళ్లీ ఎలా చూడవచ్చు, ఎలా సరిచేయాలి అన్నీ రాసి కంపెనీకి పంపాను. మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనదని యంత్రం జవాబిచ్చింది. ఇంకా రెండుసార్లు రాసినా అదే జవాబు. చివరికి హైదరాబాద్‌లోని వాళ్ల ఆఫీసుకే పోయాను. యాప్ బాధ్యత చూసే యువకుడు మర్యాదగానే కూర్చోబెట్టి టీ తెప్పించాడు.

"మేడం, ఒక్క మాట అడుగుతాను, ఏమనుకోవద్దు. కళ్లు లేనివాళ్లు వ్యవసాయం చేస్తారా?"

"చేస్తున్నాడు కాబట్టే వచ్చాను."

"అంటే మా కస్టమర్లలో అలాంటివాళ్లు ఎవరూ కనబడలేదు మేడం."

"వాళ్లు తెరవగానే మూసేసేటట్టు ఉన్నది మీ యాప్. మీకెక్కడ కనబడతారు?"

ఆయన నవ్వాడు. నా మాటలోని తర్కం అర్థం కాక కాదు, దానికి జవాబు చెప్పాల్సిన అవసరం లేదని తెలిసి. మహబూబ్‌నగర్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీతో కలిసి తాము పోటీ పెడుతున్నామన్నాడు. చూపులేనివారికి పనికొచ్చే యాప్‌లు విద్యార్థులు తయారుచేస్తారట. న్యాయనిర్ణేతగా నన్ను రమ్మన్నాడు, చిన్నాయినను గౌరవ అతిథిగా తీసుకురమ్మన్నాడు. వాళ్ల సొంత యాప్‌లో ఒక్క వరుస చేర్చడానికి లేని తీరిక, చూపులేనివాళ్ల పేరుమీద వేదిక కట్టడానికి ఉన్నది. నాకు వెళ్లాలని లేదు. చిన్నాయినే పోదామన్నాడు. పెద్దసార్లు వస్తారు కదా, ఎదురుగానే అడుగుదామన్నాడు.

కాలేజీ సభామందిరంలో ఆయనను ముందు వరుసలో కూర్చోబెట్టారు. ఒక జట్టు పిల్లలు ఎదుటి మనిషి నవ్వుతున్నాడో లేదో చెప్పే యాప్ చూపించారు. ఇంకో జట్టు శిల్పాలను వర్ణించి వినిపించే యాప్ చేసింది. మూడోది గోడ దగ్గరికి వస్తే అరిచే టోపీ. ఒక అబ్బాయి కళ్లకు రుమాలు కట్టుకుని ఆ టోపీ పెట్టుకుని నడిచి చూపించాడు, అందరూ చప్పట్లు కొట్టారు. పిల్లలు ఎంతో కష్టపడ్డారు, వాళ్లను తప్పుపట్టను. మీరు ఎవరికోసం చేస్తున్నారో వాళ్లలో ఒక్కరినైనా అడిగారా అని నేను ప్రతి జట్టునూ అడిగాను. అడగమని తమకెవరూ చెప్పలేదన్నారు. ఆ చెప్పనివాళ్లంతా వేదిక మీద వరుసగా కూర్చుని ఉన్నారు.

తర్వాత చిన్నాయినను వేదిక ఎక్కించి శాలువా కప్పారు, చేతికి ఒక అద్దం పలక ఇచ్చారు. ఆయన దానిమీద వేళ్లు పోనిచ్చాడు. అక్షరాలు అద్దం లోపల ఉన్నాయి, వేళ్లకు నున్నగా తప్ప ఏమీ తగలదు.

"గిండ్ల ఏం రాసిన్రు సారూ?" అన్నాడు మైకులోనే.

సభలో నవ్వులు వినిపించాయి. ప్రయోక్త కూడా నవ్వి, "మీ పట్టుదలకు మా వందనం అని ఉంది సార్. మీరు రెండు మాటలు చెప్పండి" అన్నాడు.

"వందనం మంచిదే. నా మోటరు నడుస్తుందా ఆగిందా, గది చెప్పమనుండ్రి మీ యాప్‌ను. టోపీ నాకు ఉన్నది."

ఈసారి ఇంకా పెద్దగా నవ్వారు. చమత్కారమనుకున్నారు. సమయాభావం వల్ల అంటూ ప్రయోక్త మైకు అందుకున్నాడు. నేను లేచి ఆయన అడిగినదానికి జవాబు చెప్పమన్నాను. తప్పకుండా పరిశీలిస్తామని వేదిక మీది నుంచి ఒక గొంతు వచ్చింది, వెంటనే ఫొటోలకు వరుస కట్టమన్నారు. ఆ ఫొటోలో చిన్నాయిన ముఖం పక్కకు తిరిగి ఉంటుంది. కెమెరా ఎటున్నదో ఆయనకు ఎవరూ చెప్పలేదు.

తిరుగు ప్రయాణంలో కల్వకుర్తి బస్టాండ్‌లో బస్సు మారాల్సి వచ్చింది. నా కోపం ఇంకా దిగలేదు. చిన్నాయిన మాత్రం పల్లీలు నములుతూ వచ్చిన ప్రతి బస్సుకూ చెవి ఒగ్గుతున్నాడు.

"ఇదివరకు కండక్టరు దిగి ఊరి పేరు ఒర్రేటోడు. ఇప్పుడు కొన్నిట్ల డ్రైవరే టికెట్ గొడుతుండు, ఒర్రేటోడు లేడు. బోర్డు ముంగట ఫోన్ పెడితె ఊరి పేరు చదివేది చేస్తరా బిడ్డా?"

"చేయొచ్చు చిన్నాయినా."

"చేసేటోనికి ఇంకోటి గూడ చెప్పు. ఇంట్ల రెండు బిందెలుంటయ్, ఒక దాంట్ల బోరు నీళ్లు, ఒక దాంట్ల తాగే నీళ్లు. మనకాడి బోరు నీళ్లల్ల ఫ్లోరైడు, తాగితె కాళ్ల బొక్కలు వంకరపోతయ్, గా సంగతి ఊరంత ఎరికే. వాసనల ఫరక్ ఉండది, రుచిల ఉండది. మీ చిన్నమ్మ ఇంట్ల లేనప్పుడు నేను దూపైనా తాగక ఆగుడే."

"అది ఫోన్‌తో ఎందుకు? తాగే బిందె మెడకు తాడు కడితే సరిపోదా?"

ఆయన పెద్దగా నవ్వాడు. "గదీ! యాప్ అక్కర్లేనికాడ వద్దని చెప్పినవ్ సూడు, నువ్వే అసలైన ఇంజనీరువి. మరి మందు సీసాలో? చెట్లకు కొట్టేది, నాకు దగ్గుకు తాగేది, రెండూ ఒక్క తీరుగనే ఉంటయ్. గవ్విటి మీది పేరు చదవాలె. ఇంకోటి, ఇంట్ల లైటు ఎలుగుతుందా లేదా. నాకు అక్కర్లే. సుట్టాలొస్తె చీకట్ల కూసున్నడని నవ్వుతరు."

ఏ ఒక్కదానికీ కొత్త శాస్త్రం కనిపెట్టనక్కర్లేదు. ఫోన్‌లో కెమెరా ఉన్నది, వెలుతురు కొలిచే భాగం ఉన్నది, అక్షరాలు చదివే శక్తి ఉన్నది, తెలుగులో పలికే గొంతు ఉన్నది. సామగ్రి అంతా ఆయన జేబులోనే ఉండగా, సభలో పిల్లలచేత శిల్పాలు వర్ణింపజేశారు. బస్సు వచ్చేదాకా నేను ఆ ఆలోచనల మీద మాట్లాడుతూనే ఉన్నాను. చిన్నాయిన చివరికి, "అన్నీ తర్వాత. చలికాలం దగ్గరికొస్తాంది. ముందుగాల నా మోటరు సంగతి జూడు" అన్నాడు.

చూశాను. ఆ పెట్టెను బిగించే మెకానిక్‌ల కోసం ఇచ్చిన చిన్న పుస్తకం తెప్పించి చదివాను. ఇంటర్నెట్ సరిగా అందని చోట పెట్టె మామూలు మెసేజ్‌కు కూడా జవాబిస్తుందని దాని చివర్లో ఉన్నది. యజమాని నంబరు నుంచి ఫలానా మాట పంపితే నడుస్తుంది, ఫలానా మాట పంపితే ఆగుతుంది. ఇంకొక మాట పంపితే స్థితి చెప్తుంది. అంటే అడిగే దారి పెట్టెలో మొదటినుంచీ ఉన్నది. యాప్ తయారుచేసినవాళ్లే దాన్ని మూసేశారు. ఆ పేజీ చదివినప్పుడు వచ్చినంత కోపం నాకు ఆఫీసులో కూడా రాలేదు.

సెలవు రోజుల్లో కూర్చుని, ఆ మెసేజ్‌లనే పంపే ఒక యాప్ రాశాను. తెరను అడ్డంగా మూడు పట్టీలుగా విడగొట్టాను. పైపట్టీ తాకితే మోటారు స్థితి అడుగుతుంది, ఇంకేమీ చేయదు. నడిమి పట్టీ నడిపించడానికి, కింది పట్టీ ఆపడానికి. ఈ రెండూ వేలు కాసేపు అదిమి ఉంచితేనే పనిచేస్తాయి. పెట్టె పంపిన జవాబును యాప్ తెలుగులో పలుకుతుంది. మొదటి రూపంలో "మీ మోటారు ప్రస్తుతం నడుస్తూ ఉన్నది" అని పెట్టాను. చిన్నాయిన విని పెదవి విరిచాడు.

"గంత లంబాచోడా ఎందుకు? నడుస్తుంది, ఆగింది. సాలు."

"సరే. నెట్‌వర్క్ లేక జవాబు రాకుంటే? పాత జవాబే చెప్పమనాలా?"

"వద్దొద్దు. తెల్వకుంటె తెల్వదనే చెప్పమను. నాతోని అబద్ధం ఆడొద్దు, గంతే."

అలా మూడో మాట చేరింది: తెలుస్తలేదు.

ఈలోగా కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. ఆ యువకుడే. నేను యాప్ చేసిన సంగతి ఎలాగో తెలిసిందట. తమ ప్రచార పత్రికలో చిన్నాయిన ఫొటోతో వేసుకుంటామన్నాడు. మీ గుండ్రటి బొమ్మకు పేరు పెట్టారా అని అడిగాను. అది వచ్చే విడతలో అన్నాడు. ఆ తర్వాత వాళ్ల యాప్‌కు కొత్త రంగులు వచ్చాయి, పండుగ శుభాకాంక్షలు తెరనిండా మెరిసే ఏర్పాటు వచ్చింది. ఇది రాస్తున్న నాటికి ఆ బటన్‌కు పేరు రాలేదు. మా చిన్నాయినకు ఈ పని తెలిసిన అన్నబిడ్డ ఉన్నది. అన్నబిడ్డ లేని రైతు పేరులేని బటన్ మీద వేలు పెట్టుకుని ఏ ఊళ్లో కూర్చున్నాడో నాకు తెలియదు. కంపెనీకీ తెలియదు. తేడా ఏమిటంటే, తెలుసుకోవాల్సిన అవసరం వాళ్లకు తోచలేదు.

చలికాలం వచ్చింది. చిన్నాయిన నీళ్లు ఆపాడు. రోజూ పైపట్టీ తాకి అడిగాడు, "ఆగింది" అని విన్నాడు. చెట్లు చక్కగా వాడాయి. ఆకును వేళ్ల మధ్య పెట్టి నలిపి చూసి, ఇక నీళ్లు ఇవ్వాలని ఆయన నిర్ణయించిన రోజుకు నేనూ ఊళ్లో ఉన్నాను. బావమరిది పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. కౌలు సంగతి తేలే రోజు అదేనని అందరికీ తెలుసు.

చిన్నాయిన నడిమి పట్టీ అదిమి ఉంచాడు. కాసేపాగి పైపట్టీ తాకాడు. ఫోన్ పలికింది: "తెలుస్తలేదు." మళ్లీ తాకాడు. అదే మాట.

"సూసినవా బావా?" బావమరిది లేచాడు. "నీ అన్నబిడ్డ చేసినా గంతే. గీ ఫోన్లను నమ్ముకొని తోట నడుస్తదా? నేను పోయి ఏసొస్త."

"కూసో. నువ్వెందుకు పోతవ్?"

"మరి తెల్వదంటాంది గద!"

"తెల్వదని చెప్పింది గదా, పోయి సూడాలెనని నాకు ఎరుకైంది. పోయినేటి దాంట్ల గా మాట చెప్పెటిది లేకుండె." చిన్నాయిన చేతికర్ర అందుకున్నాడు. "వస్తె రా, నా ఎనుకనుంచి. ముంగట నడువకు, నాకు దారి గలత్ అయితది."

గట్ల మీదుగా ముగ్గురం పోయాం. తోట గేటు దాటగానే మోటారు శబ్దం వినబడింది. నడవమన్న మెసేజ్ పెట్టెకు చేరింది, దాని జవాబే నెట్‌వర్క్ లేక తిరిగి రాలేదు. అయినా ఆయన ఆగలేదు. నేరుగా బోరు దగ్గరికి పోయి పైపు మీద చేయి వేశాడు. లోపల నీళ్లు పరుగెత్తుతున్న అదురు ఆయన మోచేతి దాకా రావడం పక్కనున్న నాకు కనబడింది. వంగి చెట్టు మొదట్లో వేళ్లు పెట్టాడు. మన్ను తడుస్తున్నది.

బావమరిది కూడా వంగి తడి మన్ను చేతిలోకి తీసుకుని నలిపాడు.

"కౌలు ముచ్చట ఇగ ఎత్తను తియ్ బావా" అన్నాడు. "గని పూత నిండుగ రాకుంటె మాత్రం ఊకోను."

"వస్తది. నువ్వు కాయలు తినేకాడికి రా" అని చిన్నాయిన తర్వాతి వరుసలోకి నడిచాడు, ఒక్కొక్క చెట్టు మొదలూ తడిమి చూసుకుంటూ.